ఖియాల్ మీర్ చేతికర్ర

పెషావరు దగ్గరి దర్రా బజారులో తుపాకి చెయ్యని దుకాణం వెతికినా దొరకదు. కానీ చేతికర్ర తుపాకి చేసే దుకాణం మాత్రం ఒక్కటే ఉండేది. అది మా పెదనాన్న కొడుకు ఖియాల్ మీర్‌ది. అందులో పద్దెనిమిదేళ్లు చెక్కపని చేసినవాణ్ణి నేను. నా పేరు ముస్తజాబ్. ఆయన సంగతి చెప్పాలంటే నా సంగతి కూడా చెప్పక తప్పదు, అదే నాకు ప్రాణసంకటం. అయినా చెబుతాను. ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని ఏం బావుకున్నాను గనక?

చూడ్డానికి అది ముసలివాళ్లు పట్టుకునే మామూలు కర్ర. మల్బరీ చెక్క, పైన వంకీ పిడి, కింద ఇనుప పొన్ను. లోపల సన్నటి గొట్టం, అందులో ఒక్కటే తూటా. భుజాన రైఫిల్ వేసుకుని తిరగలేని పెషావరు బట్టల వ్యాపారులు, పట్టపగలు శత్రువు వీధిలో నడవాల్సిన పెద్దమనుషులు కొనేవారు. ఏడాదికి ఒకటి చేస్తే గొప్ప. జన్మ మొత్తం మీద పద్నాలుగు చేశాడు. పద్నాలుగూ ఎవరెవరి దగ్గర ఉన్నాయో ఆయనకు కంఠతా వచ్చు. అడిగితే మాత్రం చెప్పడు. కొన్నవాడి పేరు బయటపెట్టడం మా బజారులో పెద్ద తప్పు.

మా వాళ్లందరూ ఎక్కడెక్కడి దేశాల తుపాకులకో నకళ్లు చేస్తారు, కంపెనీ ముద్రతో సహా. అది తప్పని ఏ ఒక్కడూ అనుకోడు. సముద్రాల అవతల ఉన్న కంపెనీ మన గుమ్మంలోకొచ్చి ఏడుస్తుందా? కానీ పక్క దుకాణం వాడి గుర్తు దొంగిలిస్తే ఊరుకోరు. వాడి కొలిమి పగలగొట్టి, పనిముట్లు వాగులో పారేసి, పెళ్లాంబిడ్డలతో సహా తరిమేస్తారు. ఖియాల్ మీర్ గుర్తు పిడి లోపల ఉండేది. మూడు గాట్లు, వాటి కింద ఒక ఆకు.

మనిషి పొట్టి. ముక్కుమీదే కోపం. ఎడమచేతికి మూడే వేళ్లు. చేసిన తుపాకిని చాలామంది లారీ టైరుకు కట్టేసి, దూరంగా నిలబడి తాడు లాగి పరీక్షిస్తారు. ఆయనకు అది చూస్తే ఒళ్లు మండేది. మొదటి తూటా చేసినవాడి చేతిలోనే పేలాలంటాడు. ఒకసారి గొట్టం చీలి రెండు వేళ్లు ఎగిరి నా ఒళ్లో పడ్డాయి. నేను కెవ్వుమన్నాను. ఆయన మాత్రం గుడ్డ చుట్టుకుంటూ, ఈ ఇనుము అమ్మినవాడి వంశం నాశనమవ్వాలని తిట్టి, చీలిన గొట్టాన్ని వెలుతురులో తిప్పి చూస్తూ కూర్చున్నాడు. వేళ్లను నేనే పాతిపెట్టి వచ్చాను.

నన్ను ఆయన పేరు పెట్టి పిలిచింది తక్కువ. 'చెక్కగాడు' అనేవాడు. వచ్చినవాళ్ల ముందు, పోయేవాళ్ల ముందు అదే పిలుపు. ఇనుము ముట్టుకోబోతే చెయ్యి తోసేసేవాడు. మా చెక్కగాడి చేతికి ఇనుమిస్తే బెల్లం పాకం చేస్తాడని నవ్వించేవాడు. అందరూ నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం కుతకుతలాడేది.

ఒక చలికాలం కంటి ఆపరేషనుకని ఆయన పెషావరు వెళ్లి నలభై రోజులు ఉండిపోయాడు. దుకాణం తాళాలు నా దగ్గరే. ఆ నలభై రోజుల్లో నేను రెండు చేతికర్రలు చేశాను. ఆయన పక్కన కూర్చుని చూసిందే చదువుగా, ఎవరికీ చెప్పకుండా, తలుపులు వేసుకుని, వేళ్లు బొబ్బలెక్కేలా చేశాను. పిడి లోపల మూడు గాట్లు, ఆకు కూడా వేశాను. అది లేకుండా పూర్తయినట్టు అనిపించలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది.

రెండిట్లో ఒకటి మా ఇంట్లో మొక్కజొన్న గాదెలో దాచాను. రెండోది లజ్బర్‌కు అమ్మాను. లజ్బర్ లారీ డ్రైవరు. చక్రం ఎక్కి పాదం నుజ్జయింది, కుంటుతూ నడిచేవాడు. వాడికి కర్ర ఎలాగూ అవసరమే, ఎవరికీ అనుమానం రాదు. నీ పేరు నా నోట రాదు, నా పేరు నీ నోట రావద్దు అని చేతిలో చెయ్యి వేసుకున్నాం.

ఈ లజ్బర్‌కూ మా ఇంటికీ ఒక పాత లంపటం ఉంది. ఖియాల్ మీర్ ఒక్కగానొక్క కొడుకు సైద్‌బాజ్‌కు చిన్నప్పుడే లజ్బర్ చెల్లెల్ని అనుకున్నారు. పెద్దయ్యాక సైద్‌బాజ్ ఆ పిల్లను కాదని ఇంకో అమ్మాయిని చేసుకున్నాడు. మా వాళ్లలో అంతకంటే పెద్ద అవమానం ఉండదు. పెద్దలు కూర్చున్నారు, గొర్రెలు కోశారు, లజ్బర్ సైద్‌బాజ్‌ను కౌగిలించుకుని ఇకనుంచి అన్నదమ్ములమన్నాడు. ఆ రోజు నుంచి బజారుకు తుపాకి లేకుండా వచ్చేవాడు. చూశారా, ఎంత మెత్తబడ్డాడో అని జనం మెచ్చుకునేవారు. నేనూ నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉండేది.

అది గురువారం, మిట్టమధ్యాహ్నం. బజారు వెనక కొండ మీదికి ఎప్పటిలాగే పరీక్ష తూటాలు పేలుతున్నాయి. మా చెవులకు అది వాన చప్పుడుతో సమానం. ఖియాల్ మీర్ ఆకురాయి పట్టుకుని ఏదో రుద్దుతున్నాడు. ఉన్నట్టుండి తలెత్తాడు. రైఫిళ్ల మోతల మధ్య ఒక పొడి చప్పుడు, ఎవరో గొంతు సవరించుకున్నట్టు.

"ఇన్నావా చెక్కగాడా?" అన్నాడు. "అది నాది. ఎవురో మనోళ్లు పేల్చి సూస్కుంటాండారు. ఎంత సుద్దంగా పలికిందో సూడు."

ముఖం వెలిగిపోయింది. నాకు గుర్తున్నంతవరకు ఆయన నవ్వడం అదే ఆఖరు.

ఇంకో నాలుగు రుద్దులు రుద్దాడో లేదో, కేకలు వినిపించాయి. నులక మంచం మీద సైద్‌బాజ్‌ను మోసుకొచ్చారు. కబాబులు తిని వాగు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడట. వెనకనుంచి చెవి కింద కాల్చారు. కన్ను ఒకటి లేదు. నోట్లో ఇంకా రొట్టె ముక్క ఉంది. ఖియాల్ మీర్ ఏడవలేదు. మూడువేళ్ల చెయ్యి చాపి, చెవి కింద రంధ్రంలో చిటికెనవేలు పెట్టి కొలిచాడు. వేలు అతికినట్టు సరిపోయింది. ఆ వేలిని అలాగే పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

నేను జనంలోకి చూశాను. లజ్బర్ ఉన్నాడు, కర్ర మీద ఆనుకుని. అందరితోపాటు అయ్యో అన్నాడు. సాయంత్రం ఖననానికి కుంటుతూనే వచ్చి పాడెకు భుజం కూడా పట్టాడు. ఆ తర్వాత లారీ ఎక్కి క్వెట్టా వైపు వెళ్లిపోయాడు. సరుకు తేవడానికేమో అనుకున్నారు. చంపింది వాడేనని నాకు తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నా పని పోతుంది, నా ఇల్లు పోతుంది. పైగా, కొడుకు తల పగలగొట్టిన తుపాకి చేసినవాణ్ణి తండ్రి ఎందుకు బతకనిస్తాడు? కొన్నవాడి పేరు చెప్పకూడదు కదా అని నాకు నేనే నీతులు చెప్పుకున్నాను. పిరికివాడికి నీతులకేం కరువు?

మూడో రోజు ఖియాల్ మీర్ నోరు విప్పాడు. పేలింది తన చేతికర్రే అన్నాడు. పద్నాలుగులో పదమూడు లోయ దాటి వెళ్లిపోయాయి. ఇక్కడ ఉన్నది ఒక్కటే, తోర్ గుల్ దగ్గర. తోర్ గుల్ అంటే వాగు అవతల పాయిందా పెద్ద కొడుకు. కర్ర అతను కొన్నది కాదు, ఖియాల్ మీరే ఇచ్చాడు. ఒక మంచు రోజున ఆయన కొండమీద జారి పడితే తోర్ గుల్ వీపున మోసుకుని దింపాడు, ఆ ప్రేమతో ఇచ్చాడు. అయితే ఈ ఏడు నీళ్ల వంతు దగ్గర తోర్ గుల్‌కూ సైద్‌బాజ్‌కూ గొడవైంది. పారలతో కొట్టుకున్నారు. సైద్‌బాజ్ నుదుటి మీద గాయం పోయేనాటికీ మానలేదు. ఇంకేం కావాలి?

పంచాయతీ ఐదు రోజులు నడిచింది. నేనూ కూర్చున్నాను, ముసలి పాయిందా పక్కనే. తోర్ గుల్ తన కర్ర తెచ్చి అందరి మధ్యలో పెట్టాడు. అది పేలి ఏడాది దాటిందన్నాడు. ఖియాల్ మీర్ దాన్ని విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నూనె కొత్తది" అన్నాడు.

"ప్రతి శుక్కురారం నూనె పెట్టమని నువ్వే గదా సెప్పినావు కాకా" అన్నాడు తోర్ గుల్. "నువ్వు సెప్పినట్టే సేస్తాండా."

పాపం, నిజంగా చెప్పినట్టే చేశాడు. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. చివరికి పన్నెండుమంది బంధువులతో కలిసి ఖురాన్ మీద చెయ్యివేసి, ఆ రక్తం మా మీద లేదని ప్రమాణం చేశాడు. పెద్దలు ప్రమాణం ఒప్పుకుని, ఇక్కడితో ఆపండి అన్నారు. ఖియాల్ మీర్ లేచి నిలబడ్డాడు. మనిషి ప్రమాణం తప్పొచ్చు, నా చెవి తప్పదు అన్నాడు. ఈ భూమ్మీద ఆ చప్పుడు చేయించగలిగింది నా చేతులొక్కటేనని అన్నాడు. అప్పుడు నేను లేచి, అన్నా, నా చేతులు కూడా చేయించగలవు అనాలి. అనలేదు. తోర్ గుల్ పోసిన టీ తాగుతూ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

సైద్‌బాజ్ పోయిన తొమ్మిదో రోజు అలా అయిపోయింది. పదో రోజు తెల్లవారి నమాజు కాగానే ఖియాల్ మీర్ నన్ను పిలిచాడు. భుజాన రైఫిల్ ఉంది. ఈ రోజు తోర్ గుల్ నీళ్ల వంతు, పొలంలో ఒక్కడే ఉంటాడు, పద అన్నాడు. అరవై ఏళ్లుగా తుపాకులు చేసే చేతితో ఒక్క మనిషినీ కాల్చలేదు ఆయన. పొలం గట్టు కనబడగానే ఇక నావల్ల కాలేదు. ఆయన కాళ్లకు అడ్డం పడ్డాను.

మొత్తం చెప్పాను. నలభై రోజులు, రెండు కర్రలు, మూడు గాట్లు, ఆకు, లజ్బర్. ఏదీ దాచలేదు. నన్ను చంపు, తోర్ గుల్‌ను వదిలెయ్ అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. కాల్చేస్తాడనుకున్నాను. ఆయన ముఖంలో ఉన్నది కోపం కాదు, జాలి.

"నువ్వా?" అన్నాడు. "ఒరే, తుపాకి సెక్క నున్నగా సెయ్యడానికే నీకు పదేండ్లు పట్టింది. నువ్వు సేసింటే అది దగ్గేది, తుమ్మేది. ఆ పొద్దు నేనిన్న సప్పుడు నీ సేతిదా?"

"అన్నా, ఒట్టు. ఇంకోటి ఇంట్లో ఉండాది, తెచ్చి సూపిస్తా. అంతసేపు ఆగు."

"వాడి మీద నీకు పేమ ఉంటే ఉండనీ. దానికోసం నా పని నీదని సెప్పుకోవద్దు."

నన్ను కాలితో పక్కకు నెట్టి నడిచాడు. కొడుకును చంపినవాడి పేరు చెప్పినా ఆయన చెవికెక్కలేదు. తనలాంటి పని చెక్కగాడు చేశాడన్న ఒక్కమాట దగ్గరే ఆగిపోయాడు.

తోర్ గుల్ మోకాళ్లదాకా నీళ్లలో నిలబడి పారతో మడవ కడుతున్నాడు. మమ్మల్ని చూశాడు. రైఫిల్ కూడా చూసే ఉంటాడు. అయినా పెద్దవాడు ఎదురైతే పలకరించాలన్నది మాకు పాలతో వచ్చిన అలవాటు. నడుం ఎత్తి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "అలసట లేకుండా ఉండు కాకా" అన్నాడు.

ఆ మాటకు బదులు చెప్పకుండా మా వాళ్ల నోరు ఆగదు. "సల్లగా బతుకు నాయనా" అన్నాడు ఖియాల్ మీర్, అంటూనే పేల్చాడు. మొదటిది పొట్టలో తగిలింది. తోర్ గుల్ పారను పట్టుకుని నిలబడటానికి చూశాడు. రెండోది గొంతులో. మూడోది నీళ్లలో పడ్డాక తలలో. మడవ తెగి ఎర్రనీళ్లు మొక్కజొన్న పాదుల్లోకి పారాయి.

ఇంటికి పరుగెత్తి గాదెలో చెయ్యిపెట్టి కర్ర బయటికి లాగాను. ఎందుకు చేశానో సరిగా చెప్పలేను. ఆయన్ను నమ్మించాలని కావచ్చు, చచ్చిపోవాలని కావచ్చు. ఆయన దుకాణం ముందు కూర్చుని చేతులు కడుక్కుంటున్నాడు. బజారు ఇంకా తెరవలేదు. ఎదురుగా నిలబడి, కొండకేసి పేల్చాను.

ఆయన చేతుల మీంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"ఇంగోసారి" అన్నాడు.

మళ్లీ తూటా పెట్టి పేల్చాను. అదే పొడి చప్పుడు. చెయ్యి చాపాడు, ఇచ్చాను. పిడి విప్పి లోపల చూశాడు. వేలితో గాట్లు తడిమాడు, గొట్టంలోకి ఒక కన్ను మూసి చూశాడు.

"ఆకు తొడిమ ఇటు తిప్పినావు. నేనట్లా తిప్పను" అన్నాడు. పిడి మళ్లీ బిగించి, "పని బాగుంది ముస్తజాబ్" అన్నాడు.

పద్దెనిమిదేళ్లు ఆ మాటకోసం పడి చచ్చాను. ఆ రోజు దాన్ని వినలేక చెవులు మూసుకున్నాను. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. లజ్బర్ గురించి కూడా అడగలేదు. ఒక గొర్రెను పట్టుకురమ్మన్నాడు.

తప్పు చేసినవాడు తలపాగా తీసేసి, గొర్రెను తోలుకుని, శత్రువు గుమ్మంలోకి తనంతట తాను వెళ్తే, ఆ ఇంటివాళ్లు కాదనకూడదు. ఆయన ఒట్టితలతో, మెడలో తాడు వేసుకుని ముందు నడిచాడు. గొర్రెతో నేను వెనక నడిచాను. పాయిందా ముంగిట్లో తోర్ గుల్ మంచం మీద ఉన్నాడు, ముఖం మీద గుడ్డ కప్పి. లోపల ఆడవాళ్లు గుండెలు బాదుకుంటున్నారు. అతని తమ్ముళ్లు తుపాకులెత్తారు. పాయిందా చెయ్యెత్తి ఆపాడు. ఎనభై ఏళ్ల మనిషి, ఒళ్లో రైఫిల్ పెట్టుకుని కూర్చున్నాడు.

ఖియాల్ మీర్ మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, నీ కొడుకు నా కొడుకును చంపలేదు, నేను పొరపాటుపడ్డాను అన్నాడు. లజ్బర్ పేరు చెప్పాడు. చప్పుడు పోల్చుకోవడంలో మోసపోయానన్నాడు. కర్ర ఎవరు చేశారో చెప్పలేదు.

పాయిందా అంతా విన్నాడు.

"ఒక్కమాట అడగతా ఖియాల్ మీరూ, నిజం సెప్పు. పొరపాటున సంపినోడు నా గుమ్మం తొక్కితే, అల్లా మీద ఆన, నా కొడుకు రక్తం వదిలేస్తా. నువ్వు తుపాకి ఎత్తకముందు, వాడు కాదని నీకు ఎవురైనా సెప్పినారా?"

గొర్రె తాడు నా చేతిలో చెమటతో జారుతోంది. లేదంటే చాలు. ఆ సంగతి తెలిసింది మా ఇద్దరికే. అన్నా, లేదను, అని లోపల మొత్తుకున్నాను.

"సెప్పినారు" అన్నాడు ఖియాల్ మీర్. "నమ్మలా. అంత పని ఇంగొకడికి వస్తాదని నమ్మలా."

పాయిందా కూర్చున్నచోటి నుంచే పేల్చాడు. రెండు బారల దూరం. ఖియాల్ మీర్ వెనక్కి పడ్డాడు, తల వెనక భాగం గోడకు తగిలింది, గోడ మీద ఏం మిగిలిందో చెప్పను. గొర్రె తాడు తెంపుకుని పారిపోయింది. నేను పారిపోలేదు. ధైర్యం అనుకోవద్దు, కాళ్లు కదల్లేదంతే.

రైఫిల్ నా వైపు తిరిగింది.

"సెప్పింది నువ్వేనా?"

"నేనే."

"ఎప్పుడు?"

"పొద్దున. పొలం గట్టు మీద."

"నీకు తెలిసిందెప్పుడు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. నా పక్కన ఆయన ఇంకా కాళ్లు కొట్టుకుంటున్నాడు. ఆయన ముందు ఆడలేకపోయాను.

"సైద్‌బాజ్ పోయిన పొద్దే" అన్నాను.

తమ్ముళ్లలో ఒకడు నా మీదికి వచ్చాడు. పాయిందా వాణ్ణి ఆపాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఐదు దినాలు నా పక్కన కూసున్యావు" అన్నాడు. "నా బిడ్డ పోసిన టీ తాగినావు."

నేను కళ్లు మూసుకున్నాను. తూటా రాలేదు. కళ్లు తెరిచేసరికి రైఫిల్ మళ్లీ ఆయన ఒళ్లో ఉంది.

"పో" అన్నాడు. "నిన్ను సంపితే నా కొడుకు పానానికి నీ పానం సరిపోయిందంటారు జనం."

నేను ఇంటికి వచ్చాను. ఆకలేసింది. రొట్టె తిన్నాను.